పద్దెనిమిది తాళాల గేటు

ఆ రోజు ఉదయం తాళాల మేస్త్రీ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడింటికి ఇల్లు దాటాలి, ఎనిమిదింటి బస్సు ఎక్కాలి, తొమ్మిదిన్నరకు పట్నంలో దిగాలి, పదకొండింటికి కొట్టు యజమానురాలైన మామ్మగారి ముందు కూర్చుని కాగితం మీద సంతకం పెట్టాలి. సంతకం పెడితే బస్టాండు పక్కనున్న పాత కొట్టు మళ్ళీ అతని చేతికొస్తుంది. పెట్టకపోతే సెల్‌ఫోను తొడుగులు అమ్ముకునే ఇంకెవరికో పోతుంది. ఆ కొట్టు తప్ప ఈ భూమ్మీద ఆ మొగుడూ పెళ్ళాలకు బతుకుతెరువు ఏదీ మిగల్లేదు. సొంత ఇల్లు ఒకటి ఉండేది గానీ, అది స్వేచ్ఛ కింద ఖర్చయిపోయింది.

పాతికేళ్ళు ఆ కొట్టులో కూర్చుని అతను తాళంచెవులు అరగదీశాడు. కొట్టు బోర్డుకు పన్ను కట్టాడు, తరాజు లేకపోయినా తూనికల ఇన్స్‌పెక్టరుకు దణ్ణం పెట్టాడు, ఎవరి తలుపు తెరిచినా పోలీసు స్టేషన్లో పుస్తకం మీద రాసి వచ్చాడు. ప్రాణం విసిగి ఉన్న ఒక మధ్యాహ్నం ఒకాయన తాళంచెవికి నకలు చేయించుకోవడానికి వచ్చాడు. మెత్తటి గొంతు, ఇస్త్రీ చొక్కా. "మేస్త్రీ, ఊళ్ళో తాళాలన్నీ నీ చేతిలో ఉన్నాయి. నీ బతుకు తాళం మాత్రం ఇంకెవడి చేతిలోనో ఉంది" అన్నాడు. ఇలాంటి మాటలు అన్నం పెట్టవు గానీ విన్న కాసేపూ కడుపు నిండినట్టే ఉంటుంది.

ఆయన ఒక కాలనీ కడుతున్నాడట. అందులో అధికారి ఉండడు, పన్ను ఉండదు, ఒకరు ఒకరికి పని చెప్పడం ఉండదు. ఇంటికి దస్తావేజు ఉండదు, ఎందుకంటే కాగితం ఉన్న భూమి కాగితం ఇచ్చినవాడిదే అవుతుంది. కట్టిన డబ్బుకు రసీదు ఉండదు, ఎందుకంటే రసీదు అడగడమంటే సాటి మనిషిని అవమానించడం. పదహారు కుటుంబాలవాళ్ళు ఇదంతా విని చప్పట్లు కొట్టి డబ్బు కట్టారు. మేస్త్రీ అయితే ఇల్లమ్మి మరీ కట్టాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినాయన రిటైరైన లెక్చరరు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

ఇంతకీ మీరు అధ్యక్షులా, కార్యదర్శా అని ఎవరడిగినా "నేనిక్కడ ఏమీ కాను" అనేవాడు ఆయన. అందుకని అందరూ ఆయన్ని ఏమీకానాయన అనే పిలిచేవారు. డబ్బు ఎవరి దగ్గరుందంటే ఏమీకానాయన దగ్గర. లెక్క ఎవరు చెప్తారంటే ఏమీకానాయన. అది వింటున్నప్పుడైనా ఒక్కరికీ చెవి చురుక్కుమనలేదు.

కాలనీ అంటే ఒకప్పటి కోళ్ళ ఫారం. మూడు పొడుగాటి రేకుల షెడ్లు, వాటిలో ప్లైవుడ్డు అడ్డాలు పెట్టి గదులు. కోళ్ళు వెళ్ళిపోయాయి గానీ వాటి వాసన సభ్యత్వం వదులుకోలేదు. చుట్టూ ఎత్తు గోడ, దాని మీద దొంగల కోసం గుచ్చిన గాజుపెంకులు, ముందు రేకు గేటు. కాలనీకి ఎవరికి నచ్చిన పేరు వాళ్ళు పెట్టుకోవచ్చు అన్నారు. పదహారు పేర్లు పుట్టాయి, ఉత్తరాలు రావడం ఆగిపోయింది.

ఇక్కడికొచ్చిన ఈ ఐదు నెలల్లో మేస్త్రీ అందరి తాళాలూ బాగుచేశాడు, కుళాయిలు బిగించాడు, కిటికీలకు గడియలు పెట్టాడు. బలవంతాన ఇచ్చే కూలి బానిసత్వమని, ఇష్టం పుట్టినప్పుడు ఇస్తామని చెప్పారు అందరూ. ఇష్టం ఎవరికీ పుట్టలేదు. "స్వేచ్ఛ అన్నారు, సరే అన్నాను. ఇక్కడ నేను స్వేచ్ఛగా అన్న మాట అదొక్కటే" అని అతని భార్య అప్పుడప్పుడూ అనేది. మామ్మగారికి ఫోను చేసి, బతిమాలి, కొట్టు మళ్ళీ ఇప్పించమని అడిగింది కూడా ఆవిడే. పాత అద్దె ఒప్పందం కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, మోకాళ్ళకు నూనె రాసుకుని, ఆవిడ ఆ రోజు తెల్లవారుతూనే తయారైపోయింది.

ఆ కాలనీలో మేస్త్రీ గర్వంగా చెప్పుకునే పని ఒకటుంది, గేటు తాళం. గేటు గొలుసు రెండు కొసల మధ్య తాళాలన్నిటినీ ఒకదానిలో ఒకటి దండలా తగిలించాడు. ఏ ఒక్క తాళం తీసినా దండ తెగుతుంది, గేటు తెరుచుకుంటుంది. ఎవరి తాళంచెవి వాళ్ళది, ఎవరినీ అడగక్కర్లేదు. ఇంటికొకటి, కండక్టరుగా చేసి రిటైరైనాయనకూ ఆయన భార్యకూ పడదు కాబట్టి వాళ్ళకు అదనంగా ఇంకొకటి, ఏమీకానాయనది ఒకటి, మొత్తం పద్దెనిమిది.

గేటు దగ్గరికి వచ్చి చూస్తే దండ లేదు. పద్దెనిమిది తాళాలూ గొలుసు రెండు కొసలనూ కలిపి కుట్టేసినట్టు వరసగా బిగించి ఉన్నాయి. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో లెక్చరరు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఇదేంటండీ?" అన్నాడు మేస్త్రీ.

"నిన్న చర్చలో తేల్చాం. నువ్వు రాలేదుగా. నీ పద్ధతిలో ఒక్కడు తాళం తీస్తే గేటు తెరుచుకుంటుంది. అంటే మిగతా వాళ్ళు ఒప్పుకోకుండానే తెరుచుకున్నట్టు. మరి వాళ్ళ ఇష్టం ఏమైనట్టు? అందుకని ఎవరి తాళం వాళ్ళు విడిగా వేసుకున్నాం. నీది కూడా నీ కిటికీకి వేలాడుతున్న తాళంచెవి అడిగి తీసుకుని మేమే మార్చాం."

"ఎవర్ని అడిగారు?"

"కిటికీ దగ్గర గట్టిగానే అడిగాం. ఎవరూ కాదనలేదు."

"అయితే ఇప్పుడు పద్దెనిమిదీ తీస్తే గానీ తెరుచుకోదు!"

"అదే కదయ్యా సంపూర్ణ స్వేచ్ఛ! అందరి అనుమతీ లేకుండా ఇక్కడ ఏదీ జరగదు."

"మరి పాలవాడు లోపలికెలా వస్తాడు?"

లెక్చరరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ కోణం చర్చకు రాలేదు" అన్నాడు.

భార్య మేస్త్రీ మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "సంచీలో మీ వంకర కడ్డీలున్నాయిగా. పది నిమిషాల పని. తీసేద్దురూ."

నిజంగానే పది నిమిషాల పని. కానీ గేటు పక్క గోడ మీద ఎర్ర రంగుతో కాలనీకున్న ఒకే ఒక నియమం రాసి ఉంది: అడగకుండా ఒకరి వస్తువు ఒకరు ముట్టరాదు. దాన్నైనా అతను లెక్కచెయ్యకపోయేవాడేమో. తాళం గలవాడు ఎదురుగా నిలబడి తియ్యమంటేనే దాని మీద చెయ్యి వెయ్యాలని చిన్నప్పుడు తండ్రి నేర్పాడు. పాతికేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట తప్పలేదు. లోకంలో అతనికున్న పరువంతా అదే.

"అడిగొస్తాను. పదిహేడు తాళాలేగా" అన్నాడు.

"వెళ్ళిపోతున్నామని మాత్రం చెప్పకండి" అంది ఆవిడ. అందులో న్యాయముంది. మొన్నామధ్య ఒక కుటుంబం వెళ్ళిపోతామంటే నాలుగు రోజులు చర్చ నడిచింది. ఐదో రోజుకు వాళ్ళకే వెళ్ళే ఓపిక లేకుండా పోయింది. అందుకని ఇద్దరూ కలిసి ఒక అబద్ధం కట్టారు. ఆవిడకు పంటి నొప్పి, పట్నంలో పళ్ళ డాక్టరుకు చూపించాలి. అబద్ధం ఆడటం అలవాటు లేనివాళ్ళు ఎప్పుడూ ఇలాంటి నాసిరకం అబద్ధమే ఎంచుకుంటారు.

మొదటి తలుపు కండక్టరుది. "నాదేముంది, తీస్తాను. ముందు ఆవిణ్ణి తియ్యమను" అన్నాడు. అడ్డం అవతల నుంచి ఆయన భార్య "ముందు ఆయన్ని తియ్యమను అన్నయ్యా, పాతికేళ్ళుగా నేనే ముందు తీస్తున్నాను" అంది. ఒకటి, రెండు, మూడు అంటే ఇద్దరూ ఒకేసారి తీసేటట్టు ఒప్పించేసరికి ఎనిమిదింటి బస్సు వెళ్ళిపోయింది.

రెండో తలుపు మౌనస్వామిది. ఆయన సన్యాసి కాదు, ఒకప్పుడు బ్యాంకులో ఫిర్యాదుల గుమాస్తా. ఇక ఈ జన్మలో ఎవరికీ జవాబు చెప్పనని ఇక్కడికొచ్చి మౌనం పట్టాడు. మేస్త్రీ పంటి నొప్పి సంగతంతా చెప్పి, తాళంచెవి అడిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన అవుననలేదు, కాదనలేదు. తల ఊపాడేమోనని అనుమానమొచ్చింది గానీ అది ఈగ వాలడం వల్ల.

ఈలోగా బయట ఎవరో గేటు కొట్టారు. పాలవాడే అయ్యుంటాడని కండక్టరు పాత అలవాటు కొద్దీ కేకేశాడు. "ఇవాళ పాలొద్దయ్యా! గేటు తెరుచుకోదు!" మళ్ళీ కొట్టారు. "రేపు కూడా అనుమానమే!" అన్నాడు కండక్టరు.

మూడో తలుపు నర్సమ్మది. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో చేసిన మనిషి. పన్ను అనే మాట వినగానే చేతిలో పని వదిలేసి టార్చిలైటు పట్టుకుని వచ్చేసింది. "నోరు తెరువమ్మా. ఏ వైపు?"

"ఎడమ వైపు" అంది మేస్త్రీ భార్య. మేస్త్రీ సరిగ్గా అదే క్షణంలో "కుడి వైపు" అన్నాడు.

నర్సమ్మ రెండు వైపులా వెలుగేసి చూసింది. "పళ్ళు రాళ్ళలా ఉన్నాయి. ఈ నోటికి నొప్పేంటి, దీంతో గోడలు పగలగొట్టొచ్చు" అంది. మేస్త్రీ భార్య నోరు మూసుకుని వెనక్కి జరిగింది. సంచీ జారి కింద పడింది. అందులోంచి మడిచిన కాగితం బయటికొచ్చి, గాలికి విప్పుకుని, గుండ్రటి ముద్రలూ స్టాంపులూ పైకి కనబడేలా అందరి కాళ్ళ దగ్గరా పడుకుంది.

"స్టాంపు కాగితం!" అంది కండక్టరు భార్య.

ఆ మాట ఒకటో షెడ్డు నుంచి మూడో షెడ్డుకు వెళ్ళేసరికి బాగా బలిసింది. మేస్త్రీ దగ్గర ఏదో కాగితముందని బయలుదేరిన మాట, మేస్త్రీ కాలనీ మొత్తం తన పేరున రిజిస్ట్రేషన్ చేయించేసుకున్నాడని చేరింది. ఐదు నిమిషాల్లో అందరూ గేటు దగ్గర పోగయ్యారు. కొందరి నోట్లో పళ్ళపొడి నురగ ఇంకా ఉంది.

"అది మా పాత కొట్టు అద్దె కాగితమండీ, చదువుకోండి!" అన్నాడు మేస్త్రీ.

"పంటి నొప్పి అబద్ధమైతే కొట్టు నిజమెలా అవుతుంది?" అన్నాడు లెక్చరరు. అందరూ మీద పడి కొడతారనే అనుకున్నాడు మేస్త్రీ. లెక్చరరు దగ్గరికొచ్చి, అతని భుజం మీద చెయ్యేసి, గొంతు తగ్గించి అడిగాడు. "బాబ్బాబూ, నిజం చెప్పు. దీన్ని ఏ ఆఫీసులో చేయించావు? నాకూ ఒకటి చేయించగలవా?"

ఆ మాట పక్కవాళ్ళకు వినబడింది. ఇక ఆనకట్ట తెగింది. "నాక్కూడా తమ్ముడూ" అంది నర్సమ్మ, అంటూనే ఏడ్చేసింది. "రిటైరైన డబ్బంతా ఇక్కడే పోశాను. అడిగితే నమ్మకం లేదంటారని అడగలేదు. చేతిలో చిన్న కాగితం ముక్కైనా లేదు నాయనా, ఏది పట్టుకుని నిద్రపోను?" ఆవిడ ఏడుస్తుంటే ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చాల్సిన వాళ్ళంతా అదే సంగతికి తలలు దించుకుని ఉన్నారు. ఐదు నెలలుగా ఒకరి ముందు ఒకరు స్వేచ్ఛ గురించి మాట్లాడుతూ, లోపల ఒక్కొక్కరూ ఒంటరిగా కాగితం కోసం ఏడుస్తున్నారని ఆ ఉదయమే తెలిసింది. వెనక నుంచి ఎన్నడూ వినని బొంగురు గొంతు ఒకటి "నాక్కూడా" అంది. చూస్తే మౌనస్వామి.

మేస్త్రీ తనకు ఏ ఆఫీసూ తెలియదని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. అందరూ అతనితోపాటు పట్నం వస్తామన్నారు. ఒకరి మీద ఒకరు పడి తాళాలు తీశారు. కండక్టరు దంపతులు ఒకటి, రెండు అనకుండానే తీసేశారు. తొమ్మిదింపావుకు పదిహేడు తాళాలు ఊడిపోయాయి. మేస్త్రీ భార్య మామ్మగారికి ఫోను చేసింది. "పదకొండున్నర దాకా చూస్తానమ్మా. అవతలాయన అడ్వాన్సు చేత్తో పట్టుకుని ఇక్కడే కూర్చున్నాడు. ఆ తర్వాత నా చేతిలో లేదు" అంది మామ్మగారు. పదింటి బస్సు ఎక్కితే పదకొండున్నరకు సరిగ్గా దిగొచ్చు. మేస్త్రీ భార్య మొహంలో ఐదు నెలల తర్వాత కాస్త రక్తం కనిపించింది.

ఇక మిగిలింది ఒక్కటే, ఏమీకానాయన తాళం. ఆయన గదికి వెళ్ళి చూస్తే గది ఖాళీ. మంచం లేదు, పెట్టె లేదు, మేకుకు ఇస్త్రీ చొక్కా లేదు. ఫోను చేస్తే పలకలేదు. నర్సమ్మ అక్కడే గుమ్మంలో కూలబడింది.

"కడ్డీ పెట్టి తీసెయ్, మేస్త్రీ" అన్నాడు కండక్టరు.

"ఆయన ఎదురుగా లేడుగా" అన్నాడు మేస్త్రీ. తండ్రి మాట, పాతికేళ్ళ పరువు అతని చేతుల్ని కట్టేశాయి.

"ఆయన ఏమీ కాడు కదా, ఏమీ కానివాడి అనుమతి ఎందుకు?"

"ఏమీ కాకపోయినా తాళం ఆయనదే. నియమం నియమమే. ఇది ఒక్కటీ పోతే మనకిక మిగిలేదేంటి?" అన్నాడు లెక్చరరు. ఆయన గొంతులో వాదన కంటే భయమే ఎక్కువగా ఉంది.

"చేతులెత్తి తేల్చుకుందాం" అన్నాడు కండక్టరు.

"చేతులెత్తడమంటే ఎక్కువమంది తక్కువమందిని తొక్కడమే. దాన్నుంచి పారిపోయేగా వచ్చాం!"

"అయితే చేతులెత్తాలో వద్దో ముందు తేల్చండి."

చర్చ ముప్పావు గంట నడిచింది. బయట గేటు మళ్ళీ మళ్ళీ కొట్టారు, ఎవరూ పట్టించుకోలేదు. మేస్త్రీ భార్య మాత్రం రేకు గేటుకు వీపానించి నిలబడి రోడ్డు మీది చప్పుళ్ళు వింటోంది. పదింటి బస్సు వచ్చింది. మలుపులో హారన్ మోగింది, బ్రేకులు కీచుమన్నాయి, ఎవరో దిగారు, తలుపు పడింది, బస్సు కదిలి పోయింది. ఆవిడ ఏడవలేదు. గిర్రున గేటు వైపు తిరిగి, ఎవరినీ అడగకుండా, ఏమీకానాయన తాళాన్ని పట్టుకుని కసికొద్దీ ఒక్క గుంజు గుంజింది.

తాళం చేతిలోకి ఊడొచ్చింది.

పగల్లేదు, విరగలేదు. మేస్త్రీ దాన్ని అందుకుని, తిప్పి లోపలికి చూశాడు. కమ్మీని పట్టి ఉంచే కొక్కెం లోపల లేనే లేదు. ఎవరో తీరిగ్గా తీసేశారు. నొక్కితే వేసినట్టే కనబడుతుంది, లాగితే వచ్చేస్తుంది. ఏమీకానాయన ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళేటట్టే ఉండేవాడన్నమాట. నిన్న అందరికంటే ముందు తన తాళం తగిలించి, మిగతావి పడేలోపే జారుకుని ఉంటాడు. ఎవరైనా ఒక్కసారి ముట్టుకుని ఉంటే ఎప్పుడో తెలిసేది. ముట్టకూడదనే నియమం రాసింది కూడా ఆయనే.

గొలుసు జారిపోయింది, గేటు తెరుచుకుంది. బయట ఉన్నది పాలవాడు కాదు. స్కూటరు పక్కన ఒక బట్టతలాయన, ఆయన వెనక ఫైలు పట్టుకుని కోర్టు అమీను.

"ఫారం నాది" అన్నాడు బట్టతలాయన. "ఏడాదిన్నర కిందట ఒకాయనకు అద్దెకిచ్చాను. రెండు నెలలు కట్టి మానేశాడు. కేసు వేస్తే వాయిదాకు ఒక్కసారీ రాలేదు, నోటీసు పంపితే అలాంటి ఊరే లేదని తిరిగొచ్చేది. మీరెవరు? ఫారంలో పనివాళ్ళేనా?"

అమీను ఫారం ఖాళీ చేయించమన్న కోర్టు ఉత్తర్వు చదివి వినిపించి, చెమట తుడుచుకుని, చాలా మర్యాదగా అన్నాడు. "ఎనిమిదింటి నుంచి నిలబడ్డామండీ. లోపల్నుంచి తాళాలుంటే పగలగొట్టే అధికారం నాకు లేదు. మళ్ళీ కోర్టుకెళ్ళి ఉత్తర్వు తెచ్చుకోవాలి, మూడు నెలలు పట్టేది. ఇక వెళ్ళిపోదామనుకుంటుండగా మీరే తీశారు. చాలా సంతోషం."

లెక్చరరు కుర్చీలో కూర్చోబోయి, కుర్చీ లేనిచోట కూర్చున్నాడు. నవ్వాల్సినవాళ్ళెవరూ నవ్వలేదు.

పదకొండూ నలభైకి మామ్మగారి ఫోను వచ్చింది. "ఏం చెయ్యనమ్మా, ఇచ్చేశాను" అంది. మేస్త్రీ భార్య "సరేనండీ" అని ఫోను కట్టేసి, కొట్టు కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టి సంచీలో దాచుకుంది. ఇప్పుడది దేనికీ పనికిరాదని ఆవిడకు తెలుసు. కాగితం ఉన్నది ఆవిడ ఒక్కదాని దగ్గరే కాబట్టి పారెయ్యబుద్ధి కాలేదు. మేస్త్రీ ఆవిడ మొహంలోకి చూడలేక తన చేతుల వంక చూసుకున్నాడు. పది నిమిషాల పని. ఆ చేతులు పొద్దున ఏడింటికే చేసి ఉంటే ఈపాటికి కొట్టు తలుపులు తెరిచి ఊడ్చుకుంటూ ఉండేవాళ్ళు.

సాయంత్రానికి పదహారు కుటుంబాలూ చాపలూ గిన్నెలూ పట్టుకుని రోడ్డు మీదికొచ్చాయి. బట్టతలాయన గేటు మూసి, చుట్టూ చూసి అడిగాడు. "ఎల్లుండి కోడిపిల్లలు వస్తున్నాయి. ఈలోగా ఎవరూ లోపలికి దూరకుండా గట్టి తాళం ఒకటి వెయ్యాలి. మీలో ఆ పని తెలిసినవాళ్ళున్నారా?"

పదిహేను కుటుంబాలు మేస్త్రీ వైపు చూశాయి. అతను కదల్లేదు. భార్య ముందుకొచ్చి చెయ్యి చాపింది. "ముందు కూలి ఇవ్వండి బాబూ" అంది.

ఆయన ఇచ్చాడు. ఆవిడ కొంగున ముడేసుకుంది. మేస్త్రీ సంచీ తెరిచి కొత్త తాళం తీశాడు, గొలుసు బిగించాడు, వేశాడు, రెండుసార్లు లాగి చూశాడు. గట్టిగా పడింది, పని తెలిసినవాడు కదా.